సారు కొన్న పంఖా

ముప్పై ఒక్క ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు ఉష్ణం పాఠం చెప్పినవాణ్ణి నేను. వేడి ఎట్లా పుడుతుంది, ఎట్లా పాకుతుంది, ఎట్లా చల్లారుతుంది అని మూడు రంగుల సుద్దముక్కలతో బొమ్మలు వేసి మరీ చెప్పాను. అటువంటి నేను నా సొంత కారుకు ఒక పంఖా కొనలేకపోయాను. కొనలేకపోతే బాగుండేది. కొన్నాను. కొని, నా చేతులతోనే బిగించి, కారును చల్లబరచాల్సిన పంఖాతోనే కారును ఉడకబెట్టాను. ఈ ఘనకార్యం నా పాత విద్యార్థులెవరికీ తెలియకూడదనుకున్నాను గానీ, కరీంనగర్‌లో రేడియేటర్ కారిన ప్రతివాడికీ తెలిసింది. తెలిసేట్టు చేసిన మనిషి గురించే ఇది.

పోయిన వానాకాలం ఆయన పోయాడు. నాకు దుఃఖం వచ్చిందని రాస్తే ఆయన ఒప్పుకోడు. మొన్న ఎండలో జరిగిందే రాస్తాను. సిగ్నల్ దగ్గర నిలబడ్డాను. ముందు లారీ, పక్కన గ్రానైట్ బండ మోస్తున్న ఇంకో లారీ, పైన సూర్యుడు. నా కారు ముక్కులోంచి గిర్రుమని పంఖా లేచింది. నాకు తెలియకుండానే నా నోరు "ముప్పై నాలుగు" అంది. పక్క సీట్లో మా ఆవిడ నవ్వింది. ఉస్తాద్ ఆ కారులో ఇంకా ఉన్నాడన్నమాట.

అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు. ఆయన దుకాణం పాత లారీల అడ్డా వెనక ఒక రేకుల షెడ్డు. మనిషి సన్నం. నెత్తిమీద తడి తువ్వాల ఎప్పుడూ ఉండేది. ఆరిపోతే రేడియేటర్లు ముంచి చూసే తొట్లోనే ముంచి, పిండి, మళ్లీ వేసుకునేవాడు. ఊరందరి బండ్లకు చల్లదనం చేసి పంపేవాడు గానీ తన షెడ్డులో ఒక్క పంఖా లేదు. "నీకెందుకు లేదు ఉస్తాద్" అంటే, "నేను నడుస్తలేను గద సారూ, కూసుంట. కూసున్నోనికి గాలెందుకు?" అనేవాడు. దాంట్లో తర్కం లేదని తెలిసినా ఎక్కడ లేదో పట్టుకోవడం కష్టం.

ఇంజను వేడి చూడడానికి ఆయన అరచెయ్యి వాడేవాడు కాదు. చేతి వెనకభాగం ఆనించేవాడు, జ్వరం వచ్చిన పిల్లవాడి మెడ చూసినట్టు. చూసి కళ్లు మూసుకుని తల ఊపేవాడు. తర్వాత ఏ బండైనా, ఎవరి బండైనా, మొదటి ప్రశ్న ఒకటే:

"నిలవడితె గరమైతదా, ఉరికితె గరమైతదా?"

దీని అర్థం నాకు చాలా ఆలస్యంగా బోధపడింది. బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్ని చల్లబరుస్తుంది. అప్పుడూ వేడెక్కితే రోగం నీళ్లలోనో, రేడియేటర్ లోపలో ఉంటుంది. నిలబడ్డప్పుడు మాత్రమే వేడెక్కితే గాలి చాలడంలేదు, పంఖా చూసుకోవాలి. ఒక్క ప్రశ్నతో సగం రోగాలు పక్కకు పోతాయి. నా పాఠ్యపుస్తకంలో ఇరవై రెండు పేజీలున్నాయి గానీ ఈ ప్రశ్న లేదు.

ఆ ప్రశ్న మనుషులకు కూడా వాడేవాడు. ఎదురుగా టీకొట్టు నడిపే ఆమె గురించి, "ఆమె నిలవడితె గరమైతది. గిరాకీ ఉంటె సల్లగ ఉంటది, లేకుంటె కప్పులు పగుల్తయి" అనేవాడు. తన బావమరిది గురించి, "వాడు ఉరికితెనే గరం. పని చెప్పకుంటె బంగారం" అనేవాడు. నా గురించి ఏమనేవాడో చెప్పడానికి ముందు నా కారు గురించి చెప్పాలి.

రిటైరైన లెక్చరర్లు సాధారణంగా మోకాళ్లనో, ముక్తినో పట్టించుకుంటారు. నేను ఒక పాత ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాను. రెండే సీట్లు, గుడ్డ టాపు, నేలకు జానెడు ఎత్తు. దాంట్లోకి ఎక్కడం అనేది ఉండదు, దాన్ని తొడుక్కోవాలి. ఎక్కడో చలిదేశంలో పుట్టి, హైదరాబాద్‌లో ఒకాయన షెడ్డులో ముసుగేసుకుని పడుకుని ఉండగా నేను లేపాను. "ఇద్దరమే ఉంటిమి, ఇద్దరికే సీట్లున్నయి, మంచిగనే ఉన్నది" అని మా ఆవిడ కూడా ఒప్పుకుంది. మా పెళ్లయ్యాక నా కొనుగోలు ఒకదాన్ని ఆమె మెచ్చుకోవడం అదే మొదలు.

ఆ మెప్పు రైల్వే గేటు దాకా వచ్చింది. గేటు పడింది. పది నిమిషాలు నిలబడ్డాం. చలిదేశపు కారుకు మన మే నెల పరిచయం లేదు. బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. పక్క ట్రాలీ ఆటోవాడు "సారూ, చాయ్ అయిందా?" అని అడిగాడు. మా ఆవిడ చీర కొంగు దులుపుకుని దిగి, షేర్ ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోయింది. సాయంత్రం నేను కారును తోయించుకుని వచ్చేసరికి గుమ్మంలోనే తీర్పు సిద్ధంగా ఉంది.

"ఇగో, వినుండ్రి. ఉట్నూర్ల మా అక్క ఇంటిదాక గిది ఆగకుంట పోతదని తెల్సిననాడే నేను ఎక్కుత. గంతదాక గా సీట్ల మీ సంచి పెట్టుకోండ్రి."

రెండు సీట్ల కారులో రెండో సీటు ఖాళీగా ఉంటే ఎంత పెద్దగా కనిపిస్తుందో నడిపినవాడికే తెలుసు. నేను నిజంగానే దాంట్లో సంచి పెట్టుకుని పదిహేను రోజులు తిరిగాను. బెల్టు కూడా పెట్టాను సంచికి. ఆ సంచిని దింపి ఆమెను కూర్చోబెట్టడమే నాకు జీవితాశయం అయిపోయింది. పంఖా కథ అంతా ఆ సీటు కోసమే.

పాత పంఖా నీరసంగా తిరుగుతోందని నాకూ తెలిసింది. వెంటనే ఫోన్లో వెతికి, ఉన్నవాటిల్లోకెల్లా పెద్ద పంఖా తెప్పించాను. ఎంత గాలి తోస్తుందో దాని డబ్బా మీద పెద్ద అంకె వేసి ఉంది. అంకె ఎంత పెద్దదైతే సరుకు అంత మంచిదనుకోవడం, జీవితమంతా మార్కులు వేసినవాళ్లకు పట్టే జబ్బు. కొలతలు తీసుకోలేదు. పంఖా వచ్చాక తెలిసింది, రేడియేటర్ వెనక దానికి చోటు లేదని, ఇంజను అడ్డం. సరే, వెనక కాకపోతే ముందు అనుకుని రేడియేటర్ ముందర బిగించాను. దాని కాళ్లు ఎటుంటే అటే రేడియేటర్‌కు ఆనించాను. గిర్రున తిరిగింది. నా తల కూడా గర్వంతో తిరిగింది.

అప్పటిదాకా కారు నిలబడితేనే వేడెక్కేది. ఆ రోజు నుంచి పరుగెత్తినా వేడెక్కడం మొదలుపెట్టింది.

అట్లా నేను ఆ రేకుల షెడ్డుకు చేరాను. ఆయన తువ్వాల సర్దుకుని లేచి, "రాండ్రి సారూ, కూసోండ్రి" అన్నాడు. చేతి వెనకభాగం ఆనించాడు. కళ్లు మూశాడు.

"నిలవడితె గరమైతదా, ఉరికితె గరమైతదా?"

"రెండింట్లోనూ" అన్నాను.

"మొదటికెల్లి గట్లనేనా?"

"లేదు. ముందు నిలబడితేనే. నేను ఈ పంఖా పెట్టాక రెండింట్లోనూ."

ఆయన ఒక కన్ను తెరిచాడు. "అంటె రోగం ఒకటుండె. మందుతోని రెండయినయి. ఏం పని చేస్తరు సారూ మీరు?"

"ఫిజిక్స్ లెక్చరర్‌ని. రిటైరయ్యాను."

"మంచిది" అన్నాడు. రిటైరవడం మంచిదన్నట్టుగా ఉంది.

అప్పుడు ఆయన గోడకు వేలాడుతున్న కండె ఒకటి తీశాడు. ఆయన సిరిసిల్లలో నేతోళ్ల ఇంట్లో పుట్టినవాడు. అన్నదమ్ములందరూ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బట్ట నేస్తుంటే ఈయన ఒక్కడే లారీల వెంట పడ్డాడు. మగ్గం వదిలినా నూలు వదల్లేదు. కండెకున్న తెల్లటి నూలును బెత్తెడు బెత్తెడు తెంపి, నా కారు ముందు జాలికి వరుసగా కట్టాడు. అడ్డంగా ఎనిమిది, నిలువుగా అయిదు. కారుకు ఎవరో తెల్లగడ్డం అతికించినట్టుంది. "ఇగ ఇంజను చాలు చెయ్యి" అన్నాడు. పది నిమిషాల్లోనే మీరు నుంచి నువ్వుకు వచ్చేశాడు. పంఖా లేచింది.

దారాలన్నీ ఆయన మొహం వైపు లేచి నిలబడ్డాయి.

ఆయన కదలకుండా ఆ గాలికి కూర్చున్నాడు. తువ్వాల అంచు ఎగురుతోంది. చాలా సేపు సుఖంగా కూర్చున్నాక అన్నాడు:

"దారం లోపటికి పోవాలె. గాలి కారుకు పోవాలె. నీ పంఖ నాకు ఊదుతాంది. నాకు గరమైతలేదు సారూ, కారుకు గరమైతాంది."

నాకు అప్పుడు అర్థమైంది. రేడియేటర్ వెనక ఉండి గాలి పీల్చాల్సిన పంఖాను ముందు పెట్టాను. అది ఇంజను దగ్గరి వేడిగాలిని లాగి బయటికి ఊదుతోంది. కారు పరుగెడితే ఎదురుగాలి వెనక్కు తోస్తుంది, నా పంఖా ముందుకు తోస్తుంది, రెండూ కుస్తీ పట్టి రేడియేటర్ మధ్యలో గాలి కదలకుండా నిలబడుతుంది. నా గాలి మొత్తం పోయింది.

పరువు కాపాడుకుందామని, "వైర్లు అటుదిటు మార్చి కలిపితే ఉల్టా తిరుగుతుంది కదా" అన్నాను.

"కలుపు మరి. పంతులువు గద."

కలిపాను. పంఖా ఉల్టా తిరిగింది. దారాలు లోపలికి కొంచెం ఒరిగి, ఆలోచిస్తున్నట్టు ఆగిపోయాయి. ఆయన పంఖా ఆపించి, రెక్క మీద వేలు పెట్టి వంపు చూపించాడు. "గీ వంపు అటు తోసెతందుకు పెట్టిండ్రు. నువ్వు ఇటు తిప్పుతె, చాట బోర్లేసి చెరిగినట్టయితది. చెరుగుడు ఉంటది, బియ్యం ఉండయి." అని, ఒక క్షణం ఆలోచించి, "ముప్పై నాలుగు" అన్నాడు.

"ఏమిటది?"

"మార్కులు. నీకు."

ఈ ముప్పై నాలుగు కథ తర్వాత టీకొట్టామె చెప్పింది. ఆయన పదో తరగతిలో సైన్సులో ముప్పై నాలుగు వచ్చి తప్పాడట. పాస్ కావాలంటే ముప్పై అయిదు. ఒక్క మార్కు. ఆ రోజు నుంచి ప్రపంచంలో ఎవరేం చేసినా ఆయన వేసేది ముప్పై నాలుగే. టీకి ముప్పై నాలుగు. కొత్త కలెక్టర్‌కు ముప్పై నాలుగు. వానాకాలానికి ముప్పై నాలుగు. "గా ఒక్క మార్కు ఎయ్యని సారు దొరికితె అడగాలె" అని నా వైపు చూసి, "నువ్వయితె గాదు గద?" అనేవాడు. నేను కాదు. కానీ మా వృత్తి తరఫున ప్రతిసారీ తల దించుకునేవాణ్ణి.

ఆ రోజే వేరే పంఖా పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. రెండు రోజులు కారును ముట్టలేదు. మూడో రోజు పొద్దున నా పంఖాను ఊడదీసి, చెంబుతో నీళ్లు పట్టుకుని వచ్చి, నా రెండో సీట్లో ఉన్న సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "గాలికి తిప్పుకరా" అన్నాడు. బైపాస్ మీద తిరిగాం, బజార్లో తిరిగాం, కూరగాయల మార్కెట్ ముందర కావాలని నిలబెట్టించాడు. మార్కెట్‌కు వచ్చిన మా కాలనీ ఆవిడ ఒకామె మమ్మల్ని చూసి, మా ఆవిడకు ఫోన్ చేసింది: "మీ సారు కార్ల ఎవల్నో ముసలాయన్ని తిప్పుతుండు." మా ఆవిడ, "తిప్పనియ్యి, నన్నయితె తిప్పుతలేడు" అందట.

దారిలో ఆయన మీటరు చూడలేదు, నన్ను చూశాడు. తిరిగొచ్చాక తేల్చాడు: "కారు నిలవడితె గరమైతది. సారు నిలవడినా గరమే, ఉరికినా గరమే. కారుకు మందున్నది."

అప్పుడు మొదలైంది పంఖా ఎంచుకోవడం. ఫోన్ లేదు, అంకె లేదు. మొదట రేడియేటర్‌కు, ఇంజనుకు మధ్య వేళ్లు పెట్టాడు. నాలుగు వేళ్లు పట్టాయి. ఒక వేలు ముడిచాడు. "గీ ఏలు ఎందుకు ముడిసిన, చెప్పు." నేను ఆలోచించాను. ఇంజను నడిచేటప్పుడు ఊగుతుంది, రెక్కకు తగలకుండా సందు వదలాలి. చెప్పాను. ఆయన మొహంలో తొలిసారి గౌరవంలాంటిది కనిపించి పోయింది. "మూడేళ్ల మందం మించద్దు. మందం దొరికినంక గుండ్రం జూస్తరు. నువ్వు గుండ్రం జూసి కొన్నవ్."

పాత ఇనుప సామాను దుకాణం నుంచి మూడు పంఖాలు తెచ్చి నేల మీద పెట్టాడు. మూడూ సన్నవే. ఒక్కొక్క దాని రెక్కను వేలితో మెల్లగా తిప్పి వదిలి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఒకటి గరగరమంది, పక్కకు పోయింది. మిగిలిన రెండింటికి పరీక్ష పెట్టాడు. కారు హెడ్‌లైట్లు వేయించి, ముందుగా నా పెద్ద పంఖాను అదే బ్యాటరీకి కలిపాడు. లైట్లు ఒక్కసారి కుంగిపోయాయి.

"చూసినవా? దీపం తల వంచింది. నీ పంఖ తిండిపోతు. బర్రె కుడితి తాగినట్టు కరెంటు తాగుతది. రాత్రి నువ్వు లైట్లేసుకుంటవా, పంఖ ఏసుకుంటవా?"

రెండు చిన్న పంఖాల్లో ఒకదానికి లైట్లు బాగానే మసకబారాయి. రెండోదానికి రెప్ప వేసినట్టు ఒక్కసారి మిణికి మామూలైపోయాయి. అది ఊళ్లో ఎక్కడ చూసినా కనిపించే ఒక చిన్న కారు పంఖా. నా స్పోర్ట్స్ కారు ఆత్మగౌరవం దెబ్బతింటుందేమోనని కాస్త మొహమాటపడ్డాను.

"చిన్న కారుది పెద్ద కారుకు..."

"సారూ, గాలికి కులమున్నదా?"

రేడియేటర్ వెనక దాన్ని పెట్టి, మళ్లీ దారాలు కట్టి ఇంజను వేయించాడు. మధ్యలో దారాలు లోపలికి గుంజుకున్నాయి. నాలుగు మూలల దారాలు మాత్రం కదల్లేదు. నాకు అప్పటికే ముచ్చటేసింది, "చాలు ఉస్తాద్" అన్నాను. ఆయనకు కోపమొచ్చింది. నేను చూసిన ఆయన కోపం అదొక్కటే. "నడుమ నేసి అంచులు ఇడిస్తె బట్టంటరా దాన్ని?" అని వంటనూనె డబ్బా ఒకటి కత్తిరించడం మొదలుపెట్టాడు. ఆ రేకును వంచి, రేడియేటర్ వెనక మొత్తం మూసేటట్టు గుమ్మటంలా చేసి, దానికి మధ్యలో పంఖా అంత కంత చేసి బిగించాడు. ఇప్పుడు పంఖా గాలి గుంజాలంటే నాలుగు మూలల నుంచీ గుంజాల్సిందే. ఇంజను వేశాం. నలభై దారాలూ ఒక్కసారిగా లోపలికి బిగిశాయి, మగ్గం మీద పడుగులాగా. ఆయన వాటిని చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఆ కాసేపు మా మధ్య లెక్చరర్ ఎవరో, ఉస్తాద్ ఎవరో నాకు గుర్తులేదు. ఇప్పటికీ నా బానెట్ ఎత్తితే ఆ రేకు లోపలి వైపు సగం పల్లీ బొమ్మ, "శుద్ధమైన" అన్న మాట కనిపిస్తాయి.

వేడి ముదిరితే తనంతట తానే పంఖా లేచే స్విచ్ కూడా పెట్టి, "ఇగ పో ఉట్నూర్‌కు. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

మా ఆవిడ సంచిని వెనక్కి నెట్టి కూర్చుంది. బెల్టు పెట్టుకుంటూ, "ఒక్కసారే" అంది. గోదావరి దాటాం, లక్షెట్టిపేట దాటాం. జన్నారం దాటాక అడవి మొదలైంది. ఎండ తెల్లగా ఉంది. ఒక మలుపులో ఎదురుగా మంద. ఎడ్లు, ఆవులు, లేగలు, రోడ్డు మొత్తం. కాపరి తొందరపడే రకం కాదు. నేను ఇంజను ఆపకుండా నిలబడ్డాను. మీటరు ముల్లు లేచింది. సగం దాటింది. మా ఆవిడ ముల్లు వైపు చూడలేదు, నా చెంప వైపు చూసింది. అక్కడ చెమట లేచింది. నేను మనసులో నలభై దారాలనూ లెక్కపెడుతున్నాను. అప్పుడు గిర్రుమని లేచింది చిన్న కారు పంఖా. ముల్లు ఆగింది. కాసేపు నిలబడింది. వెనక్కి జారింది. మంద వెళ్లిపోయింది.

"గా చప్పుడేంది?" అంది మా ఆవిడ.

"పంఖా."

"మంచిగున్నది" అని సీటు వెనక్కి వంచుకుంది.

కొంతదూరం పోయాక రోడ్డు పక్కన తునికి పండ్లు అమ్ముతున్న ముసలమ్మను చూసి "ఆపుండ్రి, ఆపుండ్రి" అంది. "ఆగకుండా పోవాలన్నావు కదా" అన్నాను. "కారు ఆగద్దన్న. నేను ఆగద్దన్ననా?" అంది. ఆ సీటు ఆ రోజు నుంచి ఆమెదే. సంచి డిక్కీలో ఉంటోంది, బెల్టు లేకుండా.

ఇంతవరకూ ఆయన నాకు ఉపకారమే చేశాడు. అపకారం ఇప్పుడు చెబుతాను. నా పెద్ద పంఖాను ఆయన తిరిగి ఇవ్వలేదు. షెడ్డు గోడకు మేకు కొట్టి వేలాడదీశాడు. దాని మీద సుద్దతో 34 అని రాశాడు. ఎవడైనా వచ్చి "ఉస్తాద్, పెద్ద పంఖ ఎయ్యి" అంటే చాలు, తువ్వాల సర్దుకుని, చెయ్యెత్తి మేకు వైపు చూపించేవాడు. "గిదో, గిది సారు కొన్న పంఖ. మస్తు పెద్దది. సైన్సు సారు." అని మొదలుపెట్టి, గడ్డం లాంటి దారాల దగ్గర నుంచి "నాకు గరమైతలేదు సారూ, కారుకు గరమైతాంది" దాకా పూర్తిగా చెప్పేవాడు. నేను అక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నా ఆపేవాడు కాదు. పైగా, "గిదో, గీయననే" అని పరిచయం చేసేవాడు. హుజూరాబాద్ నుంచి వచ్చిన ట్రాక్టర్ ఆసామి ఒకడు నా పూర్వ విద్యార్థి. లేచి నమస్కారం పెట్టి, పంఖాను చూసి, నన్ను చూసి, మళ్లీ కూర్చున్నాడు.

అయినా నేను రోజూ అక్కడికే పోయేవాణ్ణి. ఇంకెక్కడ కూర్చున్నా ఎవరూ నన్ను ప్రశ్నలు అడగడంలేదు.

మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం ఆయన రేడియేటర్ చిల్లికి మాటు వేస్తూ పక్కకు ఒరిగాడు. పడిపోలేదు గానీ గోడ పట్టుకున్నాడు. నీళ్లు తాగి, "తువ్వాల ఆరింది, అంతే" అన్నాడు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ అన్నం వడ్డించడం ఆపింది.

"మన కారుకు గాలి పెట్టిండు. ఆయనకు గాలి లేదా? సైన్సు సారు గద మీరు, ఏమన్న జేయుండ్రి."

ఆ వారమే ఆయన చుట్టాల పెళ్లికి మంచిర్యాల వెళ్లాడు. షెడ్డు తాళం టీకొట్టామె దగ్గరుంటుంది. అడిగితే ఇచ్చింది, ఎందుకని అడగలేదు, గిరాకీ బాగుంది.

నేను లోపలికి వెళ్లి, ఆయన పీట మీద, ఆయన కూర్చున్నట్టే కూర్చున్నాను. నన్ను నేనే అడిగాను: ఈ మనిషి నిలబడితే గరమవుతాడా, ఉరికితే గరమవుతాడా? కూర్చుంటేనే. షెడ్డు వెనక సందులో ఎప్పుడూ నీడే, అక్కడి గాలి చల్లగా ఉంటుంది. పీట వెనకే చిన్న కిటికీ ఉంది, దశాబ్దాలుగా పాత ట్యూబులు అడ్డం. ట్యూబులు తీశాను. కొలిచాను. ఈసారి ముందు మందం కొలిచి, తర్వాతే గుండ్రం కొలిచాను. మేకు మీది నా పంఖా ఆ కిటికీకి సరిగ్గా సరిపోయింది. అది ఏ కారుకూ కాదు, ఈ కిటికీకే పుట్టిందేమో. రెక్క వంపు ఎటుందో రెండుసార్లు చూశాను. పూర్తి వేగంతో తిరిగితే షెడ్డే ఎగిరిపోతుంది కాబట్టి, పాత సామాన్లోంచి ఒక రెసిస్టర్ వెతికి మధ్యలో పెట్టి నెమ్మది చేశాను. కరెంటుకు ఆయన బ్యాటరీ చార్జరే. స్విచ్ మాత్రం నేను రోజూ కూర్చునే బల్ల పక్కన, తలుపు దగ్గర పెట్టాను. ఇది ముందే ఆలోచించి చేశానని ఒప్పుకుంటున్నాను. చివరికి ఆయన కండె తీసి, నూలు తెంపి, షెడ్డంతా దారాలు కట్టి స్విచ్ వేశాను. దారాలన్నీ పీట వైపు లేచాయి. రెక్కల మధ్య సుద్దతో రాసిన 34 గుండ్రంగా తిరిగి తెల్లటి మచ్చగా మారిపోయింది.

రెండో రోజు ఆయన వచ్చాడు. నేను స్విచ్ వేసి బల్ల మీద కూర్చున్నాను. ఆయన గుమ్మంలో ఆగి దారాలను చూశాడు. కిటికీ చూశాడు. ఖాళీ మేకు చూశాడు. వెళ్లి పీట మీద కూర్చున్నాడు. తువ్వాల అంచు ఎగిరింది. కళ్లు మూసుకున్నాడు.

అంతలో హుస్నాబాద్ నుంచి ఒక డీసీఎం వ్యాను డ్రైవర్ వచ్చాడు. "ఉస్తాద్, పెద్ద పంఖ ఒకటి ఎయ్యాలె." అలవాటు ప్రకారం ఉస్తాద్ చెయ్యి మేకు వైపు లేచింది. అక్కడేమీ లేదు. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. డ్రైవర్ అటూఇటూ చూసి, అంగీ గుండీలు విప్పుకుని, "ఏందుస్తాద్, లోపట మస్తు సల్లగున్నది! గసొంటి పంఖ ఏడ దొరికింది? ఎవలు కొన్నరు?" అన్నాడు.

ఆయన నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాను.

"సారు కొన్నడు" అన్నాడు ఉస్తాద్. అంతే. ఆ తర్వాత చెప్పడానికి కథ లేదు.

డ్రైవర్ పని చూసుకుని పోయాడు. టీకొట్టామె రెండు చాయ్‌లు పంపింది. నేను ఒక గుటక వేసి, మామూలుగా అడిగినట్టు అడిగాను:

"ఎన్ని మార్కులు ఉస్తాద్?"

ఆయన కిటికీ వైపు తిరిగి, పంఖాను పైనుంచి కిందిదాకా చూశాడు. రెక్కల వంపు చూశాడు, బిగించిన నట్లు చూశాడు, గోడ వెంట వచ్చిన వైరు చూశాడు.

"ముప్పై నాలుగు."

"ఒకటెందుకు తగ్గింది?"

"వైరు జర వేలాడుతాంది."

నేను చాయ్ కింద పెట్టి, చెయ్యి చాపి, స్విచ్ ఆపేశాను.

పంఖా నెమ్మదిగా తిరిగి తిరిగి ఆగింది. తెల్లటి మచ్చ మళ్లీ 34 అయింది. దారాలు వాలిపోయాయి. రేకుల కింద వేడి ఒక్కసారిగా దిగింది. ఆయన కదల్లేదు. నేనూ కదల్లేదు. ఆయన తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. మళ్లీ వేసుకున్నాడు. మెడ మీద చెమట పట్టింది. తొట్టి వైపు చూశాడు, లేవబుద్ధి కాలేదు. ఒక సుఖానికి పావుగంటలో అలవాటు పడితే ఎట్లా ఉంటుందో ఆయన మొహంలో మొదటిసారి చూశాను.

చివరికి నా వైపు చూడకుండా, ఖాళీ మేకుతో చెప్పినట్టు అన్నాడు:

"సరే తియ్యి సారూ. ముప్పై అయిదు. ఎయ్యి ఇగ."

నేను వెంటనే వేయలేదు. చాయ్ సగం మిగిలి ఉంది. అది చల్లారేదాకా ఊదుకుంటూ, నిదానంగా తాగాను.